48, 168, 600 నానోసెకన్లు: ఒకే పెరోవ్‌స్కైట్ ఫిల్మ్‌కు ఏ లైఫ్‌టైమ్ నిజం?

ముందు ప్రశ్నను క్లుప్తంగా చెప్తాను. అడిగినవారిది కెమిస్ట్రీలో పీహెచ్‌డీ మొదటి ఏడాది. చేతిలో గాజు మీద వేసిన 500 నానోమీటర్ల మందం మిథైలమ్మోనియం లెడ్ అయొడైడ్ ఫిల్మ్ ఉంది, సోలార్ సెల్స్‌లో వాడే పెరోవ్‌స్కైట్ పదార్థమిది. దాని లైఫ్‌టైమ్, అంటే వెలుగుతో పుట్టిన చార్జ్‌లు ఎంతసేపు బతుకుతాయన్నది, కొలవాలి. డిపార్ట్‌మెంట్ టీసీఎస్‌పీసీ (పల్స్ తర్వాత వచ్చే ఫోటాన్లను ఒక్కొక్కటిగా, వచ్చిన సమయంతో లెక్కపెట్టే పరికరం) మీద 405 నానోమీటర్ల డయోడ్ లేజర్, 5 మెగాహెర్ట్జ్, సగటు పవర్ 50 మైక్రోవాట్లు, కౌంట్ రేటు సెకనుకు 4 లక్షలు. ఫిట్‌లో రెండు ఎక్స్‌పొనెన్షియల్స్ వచ్చాయి: 80 శాతం 10 నానోసెకన్లు, 20 శాతం 200 నానోసెకన్లు. దాన్నుంచి మీకు సగటు 48 వచ్చింది. అదే ఫైల్ తీసుకుని మీ సీనియర్ 168 అన్నారు. అదే బ్యాచ్ ఫిల్మ్‌ను 640 నానోమీటర్ల లేజర్‌తో, 250 కిలోహెర్ట్జ్ దగ్గర కొలిచిన ఇంకో ల్యాబ్ 600 అంది. పేపర్లో ఏది రాయాలన్నది మొదటి ప్రశ్న. లేజర్ స్పెక్ట్రోస్కోపీ నేర్చుకున్న కెమిస్టుకు సోలార్ మెటీరియల్స్‌లో భవిష్యత్తు ఉందా అన్నది రెండోది.

మూడింటిలో ఏదీ ఇప్పుడున్నట్టుగా రాయకండి. నీరు ఎంత ఉష్ణోగ్రత దగ్గర మరుగుతుందో చెప్పాలంటే పీడనం ఎంతో చెప్పాలి. పెరోవ్‌స్కైట్ లైఫ్‌టైమ్ కూడా అంతే. ఇక్కడ పీడనం స్థానంలో ఉండేది క్యారియర్ సాంద్రత, అంటే పల్స్ తగిలిన క్షణంలో ఒక ఘన సెంటీమీటరులో ఎన్ని ఎలక్ట్రాన్-హోల్ జతలు పుట్టాయన్నది. మీ ప్రశ్నలో ఆ అంకె లేదు. దాన్ని లెక్కకట్టడానికి కావలసిన స్పాట్ సైజు కూడా లేదు. మిగతా అన్ని పొరపాట్లూ సరిచేయదగినవే కానీ, ఇది లేకుండా కొలిచిన డికేను (సమయంతో పాటు కాంతి తగ్గే వక్రరేఖను) తర్వాత ఎవరూ వాడుకోలేరు.

ముందు తేలిగ్గా తేలేది చూద్దాం. 48కీ 168కీ మధ్య గొడవే లేదు, రెండూ ఒకే ఫిట్ నుంచి వచ్చినవి. ఆంప్లిట్యూడ్ సగటు తీస్తే 0.8×10 + 0.2×200 = 48. ఇంటెన్సిటీ సగటు తీస్తే పైన 0.8×10×10 + 0.2×200×200, అంటే 8080, కింద 48, ఫలితం 168. సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ నొక్కారన్నదే తేడా. రెండో పద్ధతి పొడవాటి భాగానికి ఎక్కువ తూకం ఇస్తుంది కాబట్టి ఎప్పుడూ పెద్ద అంకె చూపిస్తుంది. ప్రచురితమైన పేపర్లలో రెండూ కనిపిస్తాయి, ఏది వాడారో చాలామంది చెప్పరు. పాసివేషన్ (ఉపరితల లోపాలను మూసే చికిత్స) చేశాక లైఫ్‌టైమ్ మూడు రెట్లు పెరిగిందని ఎవరైనా రాస్తే మొదట చూడాల్సింది ఇదే. నా సలహా ఏమిటంటే పెరోవ్‌స్కైట్‌కు ఈ సగటులు రెండూ వాడకండి. రంగుద్రవ్యాల ద్రావణాల కోసం పుట్టిన లెక్కలివి. అక్కడ ప్రతి అణువూ దాని మానాన అది క్షీణిస్తుంది కాబట్టి ఎక్స్‌పొనెన్షియల్స్‌కు అర్థం ఉంటుంది. పెరోవ్‌స్కైట్‌లో ఎలక్ట్రాన్, హోల్ ఒకదాన్నొకటి వెతుక్కుని కలుస్తాయి, కాబట్టి వేగం అవి ఎన్ని ఉన్నాయన్నదాన్ని బట్టి మారుతూ పోతుంది. అలాంటి డికేకు రెండు ఎక్స్‌పొనెన్షియల్స్ అతికించి, మొదటిది ఉపరితలానిది, రెండోది బల్క్‌ది, అంటే ఫిల్మ్ లోపలి భాగానిది అని పేర్లు పెట్టడం ఈ రంగంలో బాగా పాతుకుపోయిన అలవాటు. దానికి ఆధారం లేదు. ఫిట్ ఎంత కుదిరిందో చెప్పే రీడ్యూస్డ్ కై-స్క్వేర్ 1.05 వచ్చిందంటే వక్రరేఖ అతుక్కుందని మాత్రమే అర్థం.

ఇక 5 మెగాహెర్ట్జ్ సంగతి. పల్స్‌కూ పల్స్‌కూ మధ్య 200 నానోసెకన్లే ఉంది, మీ ఫిట్ చెప్పే పొడవాటి భాగం కూడా 200 నానోసెకన్లే. అంటే తర్వాతి పల్స్ వచ్చేసరికి ఆ భాగంలో 37 శాతం ఇంకా మిగిలే ఉంది. దీనివల్ల రెండు రకాల తప్పులు జరుగుతాయి. మొదటిది, పల్స్‌కు ముందు కనిపించే కౌంట్లను సాఫ్ట్‌వేర్ బ్యాక్‌గ్రౌండ్ అనుకుని తీసేస్తుంది. నిజానికి అది ముందటి పల్స్ తోక. దాన్ని తీసేస్తే మిగిలిన తోక త్వరగా కిందికి వంగి, లైఫ్‌టైమ్ తగ్గినట్టు కనిపిస్తుంది. రెండోది, మిగిలిపోయిన క్యారియర్ల మీద కొత్తవి వచ్చి పడతాయి కాబట్టి మీరు అనుకున్న సాంద్రత కంటే అసలు సాంద్రత ఎక్కువ. ఆ 200 అనే అంకె కిటికీ (పల్స్‌ల మధ్య ఉన్న సమయం) వెడల్పుతో సమానంగా రావడమే అనుమానించాల్సిన విషయం. రెపిటిషన్ రేటును 2.5 మెగాహెర్ట్జ్‌కు తగ్గించి మళ్లీ తీయండి. పొడవాటి భాగం కూడా పెరిగితే మీరు కొలుస్తున్నది ఫిల్మ్‌ను కాదు, కిటికీని. లైఫ్‌టైమ్‌కు కనీసం 5 రెట్లు, వీలైతే 10 రెట్లు సమయం పల్స్‌ల మధ్య ఉండాలి. మైక్రోసెకను దరిదాపుల్లో ఉన్న ఫిల్మ్‌కు 200 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టడం క్షేమం. ఇంకో ల్యాబ్ వాడిన 250 కిలోహెర్ట్జ్‌లో 4 మైక్రోసెకన్ల కిటికీ ఉంది, 600 నానోసెకన్లకు అది సరిపోతుంది. కాబట్టి ఈ ఒక్క విషయంలో వాళ్ల డేటా మీ డేటా కంటే నమ్మదగినది.

కౌంట్ రేటు: 5 మెగాహెర్ట్జ్‌కు సెకనుకు 4 లక్షలంటే 8 శాతం. ఈ పద్ధతిలో ఎలక్ట్రానిక్స్ ఒక్కో పల్స్‌కు మొదట వచ్చిన ఫోటాన్‌ను మాత్రమే రాసుకుంటుంది, తర్వాత వచ్చినవి లెక్కలోకి రావు. కాబట్టి ముందటి కౌంట్లు పూర్తిగా, వెనకటి కౌంట్లు కొంచెం తక్కువగా పడతాయి. 8 శాతం దగ్గర తోక చివర దాదాపు 8 శాతం కోత పడుతుంది. 600ను 48 చేసేంత పెద్ద తప్పు కాదిది, కానీ ఎప్పుడూ ఒకే దిక్కుకు, తక్కువ వైపుకే నెడుతుంది. 1 నుంచి 2 శాతం లోపు ఉంచండి. 200 కిలోహెర్ట్జ్‌కు వెళ్లాక అది సెకనుకు 2000 నుంచి 4000 కౌంట్లు. సెకనుకు 2000 చొప్పున 10 లక్షల కౌంట్లు పోగవ్వాలంటే 500 సెకన్లు, అంటే ఎనిమిది నిమిషాలకు పైగా. ఓపిక పట్టాల్సిందే.

ఇక్కడ కొత్తవాళ్లు దాదాపు అందరూ చేసే తప్పొకటి ఉంది. కౌంట్ రేటు ఎక్కువైందని ఎక్సైటేషన్ వైపు ఫిల్టర్ పెడతారు. దాంతో క్యారియర్ సాంద్రత మారి, ప్రయోగమే వేరైపోతుంది. కౌంట్లు తగ్గించాల్సింది ఎమిషన్ వైపు: డిటెక్టర్ ముందు న్యూట్రల్ డెన్సిటీ ఫిల్టర్ పెట్టండి, లేదా మోనోక్రోమేటర్ స్లిట్ సన్నం చేయండి. ఎక్సైటేషన్ వైపు ఫిల్టర్ మార్చేది సాంద్రతను కావాలని మార్చాలనుకున్నప్పుడు మాత్రమే. అప్పుడు కూడా డయోడ్ కరెంటు నాబ్ జోలికి వెళ్లకండి. కరెంటు మారిస్తే పల్స్ ఆకారం మారుతుంది, ప్రధాన పల్స్ వెనక చిన్న తోక మొలుస్తుంది, ఐఆర్‌ఎఫ్ (లేజర్ పల్స్‌కు పరికరం ఇచ్చే స్పందన) కూడా మళ్లీ తీయాల్సివస్తుంది. కరెంటును ఒకచోట స్థిరంగా ఉంచి ఫిల్టర్లతోనే పని జరిపించండి.

సాంద్రత లెక్క ఇలా కట్టాలి. మీ అంకెలే తీసుకుందాం. 50 మైక్రోవాట్లను 5 మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే ఒక్కో పల్స్‌కు 10 పికోజౌళ్లు. స్పాట్ వ్యాసం 100 మైక్రోమీటర్లు అనుకుంటే వైశాల్యం 7.85×10⁻⁵ చదరపు సెంటీమీటర్లు, ఫ్లూయెన్స్ (వైశాల్యానికి పడే పల్స్ శక్తి) చదరపు సెంటీమీటరుకు 127 నానోజౌళ్లు. 405 నానోమీటర్ల ఫోటాన్ శక్తి 4.9×10⁻¹⁹ జౌళ్లు కాబట్టి చదరపు సెంటీమీటరుకు 2.6×10¹¹ ఫోటాన్లు పడుతున్నాయి. పరావర్తనానికి 20 శాతం తీసేసి, ఫిల్మ్ మందం 5×10⁻⁵ సెంటీమీటర్లతో భాగిస్తే ఘన సెంటీమీటరుకు 4.2×10¹⁵ క్యారియర్లు. అదే పవర్, అదే లేజర్, కానీ స్పాట్ 30 మైక్రోమీటర్లయితే వైశాల్యం 11 రెట్లు తగ్గి సాంద్రత 4.7×10¹⁶కు ఎక్కుతుంది.

ఈ రెండింటి మధ్య తేడా ఎందుకంత ముఖ్యమంటే, క్యారియర్ల తగ్గుదల వేగంలో మూడు పదాలు ఉంటాయి. మొదటిది సాంద్రతకు అనుపాతంలో ఉండేది, లోపాల దగ్గర చిక్కుకుని పోయేవి. రెండోది సాంద్రత వర్గానికి అనుపాతం, ఎలక్ట్రాన్ హోల్ నేరుగా కలవడం. మూడోది ఘనానికి అనుపాతం, మూడు క్యారియర్లు కలిసి జరిగే ఆజే ప్రక్రియ. మిథైలమ్మోనియం లెడ్ అయొడైడ్‌కు మంచి ఫిల్మ్‌లో మొదటి స్థిరాంకం సెకనుకు 10⁶ నుంచి 10⁷, రెండోది సెకనుకు 10⁻¹⁰ ఘన సెంటీమీటర్ల స్థాయి, మూడోది 10⁻²⁸ స్థాయిలో ఉంటాయి. 4.2×10¹⁵ దగ్గర రెండో పదం వాటా సెకనుకు 4.2 లక్షలే, దాని ఒక్కదాని లైఫ్‌టైమ్ 2.4 మైక్రోసెకన్లు, కాబట్టి లోపాలదే రాజ్యం. 4.7×10¹⁶ దగ్గర అదే పదం 210 నానోసెకన్ల లైఫ్‌టైమ్‌కు దిగుతుంది, లోపాలు ఎన్ని ఉన్నాయన్నది దాని వెనక కనపడకుండా పోతుంది. లెన్స్ ఒకటి కొద్దిగా జరిగితే చాలు, మీ ఫిల్మ్ నాణ్యత మూడు రెట్లు మారినట్టు కనిపిస్తుంది. పోల్చడానికి ఇంకో అంకె గుర్తుంచుకోండి: మంచి సెల్ చదరపు సెంటీమీటరుకు 22 మిల్లీ ఆంపియర్లు ఇస్తుందంటే సెకనుకు 1.4×10¹⁷ జతలు పుడుతున్నట్టు. 500 నానోమీటర్ల మందంలో, 1 మైక్రోసెకను లైఫ్‌టైమ్‌తో, ఎండలో ఉన్న ఫిల్మ్ సాంద్రత సుమారు 3×10¹⁵. సోలార్ సెల్ గురించి మాట్లాడాలంటే ఆ చుట్టుపక్కల కొలవాలి.

స్పాట్‌ను కంటితో అంచనా వేయకండి. కొత్త రేజర్ బ్లేడ్‌ను మైక్రోమీటర్ స్టేజ్ మీద బిగించి, ఫిల్మ్ ఉండే చోటే బీమ్‌కు అడ్డంగా 5 మైక్రోమీటర్ల చొప్పున జరుపుతూ పవర్ రాసుకోండి. పవర్ 90 శాతం నుంచి 10 శాతానికి పడిపోయిన దూరాన్ని 0.78తో గుణిస్తే గాసియన్ బీమ్ వ్యాసార్ధం వస్తుంది. డయోడ్ లేజర్ బీమ్ తరచుగా గుండ్రంగా ఉండదు, కాబట్టి అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి. గాసియన్ బీమ్ మధ్యలో ఫ్లూయెన్స్, మొత్తం శక్తిని ఆ వ్యాసార్ధపు వృత్తంతో భాగిస్తే వచ్చే దానికి రెట్టింపు ఉంటుందన్నది కూడా లెక్కలోకి తీసుకోండి. పవర్ మీటర్‌కు ఫోటోడయోడ్ సెన్సర్ ఉండాలి. థర్మల్ సెన్సర్‌కు మైక్రోవాట్లు అందవు, గదిలో ఏసీ గాలికే దాని రీడింగ్ ఊగుతుంది. లేజర్ మూతి దగ్గర కాదు, ఫిల్మ్ ఉండే చోట కొలవాలి.

405కు బదులు 640 ఎందుకు మేలో కూడా ఇక్కడే చెప్పాలి. 405 నానోమీటర్ల కాంతిని ఈ పదార్థం పైనున్న 100 నానోమీటర్ల లోపలే మింగేస్తుంది. క్యారియర్లన్నీ మొదట ఆ పలుచని పొరలో కిక్కిరిసి ఉంటాయి, తర్వాత లోపలికి విస్తరిస్తాయి. విస్తరించడానికి ఒక నానోసెకను నుంచి కొన్ని నానోసెకన్లు పడుతుంది, ఆ వ్యవధిలో ఒక్క క్యారియర్ కూడా నశించకపోయినా పీఎల్ (ఫిల్మ్ వెలువరించే కాంతి) పడిపోతుంది, ఎందుకంటే పీఎల్ సాంద్రత వర్గాన్ని బట్టి ఉంటుంది. మీ 10 నానోసెకన్ల భాగంలో కొంత ఇదే అయ్యుండవచ్చు. పైగా ఉపరితలం పాడై ఉంటే 405 ఆ పాడైన చోటునే ఎక్కువగా చూపిస్తుంది. 640 దగ్గర కాంతి మూడువందల నానోమీటర్ల వరకు చొచ్చుకుపోతుంది, పుట్టుక దాదాపు సమంగా ఉంటుంది. రెండు లేజర్లూ ఉంటే రెండింటితోనూ కొలవండి. ఒకే సాంద్రత దగ్గర రెండు డికేలూ మొదటి కొన్ని నానోసెకన్ల తర్వాత కలిసిపోతే ఉపరితలం బాగున్నట్టే.

ఆ మొదటి భాగంలో ఇంకో దొంగ కూడా దాక్కుంటాడు: చెదిరిన లేజర్ కాంతి. పెరోవ్‌స్కైట్ ఎమిషన్ 770-780 నానోమీటర్ల దగ్గర ఉంది, లేజర్ 405 దగ్గర ఉంది, ఇంత దూరం ఉన్నాక భయమేమిటని అనిపిస్తుంది. మోనోక్రోమేటర్ గ్రేటింగ్‌కు 405 రెండో ఆర్డర్ 810 దగ్గర పడుతుంది. మీరు 790 దగ్గర వెడల్పాటి స్లిట్‌తో కొలుస్తుంటే అది నేరుగా లోపలికి వస్తుంది, ఐఆర్‌ఎఫ్ ఆకారంలోనే ఒక ముల్లు లేచి, ఫిట్‌లో వేగవంతమైన భాగమై కూర్చుంటుంది. మోనోక్రోమేటర్‌కు ముందు 450 లేదా 500 నానోమీటర్ల లాంగ్‌పాస్ ఫిల్టర్ తప్పనిసరి. కొన్ని రంగు గాజు ఫిల్టర్లు తామే మెరుస్తాయి కాబట్టి ఇంటర్‌ఫియరెన్స్ రకం మంచిది. పరీక్ష సులువు: ఖాళీ గాజు ముక్కను అదే చోట, అదే పవర్‌తో, అదే సమయం కొలవండి. ఫిల్మ్ లేకుండా వచ్చిన ప్రతి కౌంటూ మీ తప్పే. ఫిల్మ్‌ను 45 డిగ్రీల దగ్గర నిలబెడితే లంబకోణ పరికరంలో పరావర్తనం సూటిగా డిటెక్టర్‌లోకి వెళ్తుంది. 30 లేదా 60 డిగ్రీల దగ్గర పెట్టి, మెరిసే చుక్క లెన్స్ పక్కన పడేట్టు చూడండి. ఐఆర్‌ఎఫ్‌కు ద్రావణాల్లో వాడే సిలికా కొల్లాయిడ్ క్యువెట్ పెట్టకండి, ఫిల్మ్ ఉన్న తలంలోనే గరుకు గాజు పెట్టి తీయండి. దారి పొడవు మారితే సున్నా సమయం జరుగుతుంది. డిటెక్టర్ ఎర్ర కాంతికి తగినదో కాదో కూడా చూసుకోండి. మామూలు బైఆల్కలీ పీఎంటీ (ఫోటోమల్టిప్లయర్ ట్యూబ్) 650 దాటాక గుడ్డిది. ఎరుపుకు పనికొచ్చే రకాన్ని చల్లబరచకపోతే, సెకనుకు 2000 కౌంట్ల సిగ్నల్‌లో డార్క్ కౌంట్లే (కాంతి లేకున్నా వచ్చేవి) పెద్ద వాటా తినేస్తాయి.

ఇవన్నీ సర్దాక అసలు కొలత ఒక్క డికే కాదు, ఫ్లూయెన్స్ సిరీస్. 200 కిలోహెర్ట్జ్ దగ్గర ఎక్సైటేషన్ వైపు 0, 0.5, 1, 1.5, 2 ఆప్టికల్ డెన్సిటీ ఫిల్టర్లు మారుస్తూ ఐదు డికేలు తీస్తే సాంద్రత వంద రెట్ల మేర మారుతుంది. తక్కువ నుంచి ఎక్కువకు వెళ్లండి, చివర్లో మళ్లీ మొదటిదాన్ని తీయండి. మొదటిదీ చివరిదీ ఒకదాని మీద ఒకటి పడకపోతే కొలుస్తుండగానే ఫిల్మ్ మారిపోయింది, ఆ సిరీస్ పనికిరాదు. 5 మైక్రోసెకన్ల కిటికీని 4096 గదులుగా విభజిస్తే ఒక్కో గది 1.2 నానోసెకన్లు అవుతుంది కాబట్టి మొదటి భాగం మొరటుగా వస్తుంది. రెపిటిషన్ మార్చకుండా, టైమ్ రేంజ్ మాత్రం తగ్గించి మొదటి 200 నానోసెకన్లను ఇంకోసారి తీసుకోండి.

గ్రాఫ్ గీసేటప్పుడు అన్నిటినీ 1కి నార్మలైజ్ చేయాలన్న కోరిక కలుగుతుంది. అలా చేస్తే సగం సమాచారం చెత్తబుట్టలో పోసినట్టే. కౌంట్లను సేకరించిన సమయంతో, ఎమిషన్ ఫిల్టర్ తగ్గించిన రెట్లతో సరిచేసి, అసలు ఎత్తులతోనే గీయండి. మొదటి క్షణపు పీఎల్‌ను ఫ్లూయెన్స్‌కు ఎదురుగా లాగ్-లాగ్ మీద పెట్టండి. వాలు 2 వస్తే ఫిల్మ్ డోపింగ్ లేనిది, 1 వస్తే డోపింగ్ క్యారియర్లు ముందే ఉన్నాయని సూచన. తర్వాత తక్కువ ఫ్లూయెన్స్ డికేను అడ్డంగా కుడివైపుకు జరిపి, ఎక్కువ ఫ్లూయెన్స్ డికే అదే ఎత్తుకు దిగిన చోట ఆనించండి. రెండు తోకలూ కలిసిపోతే వేగాన్ని నిర్ణయిస్తున్నది సాంద్రత ఒక్కటే. కలవకపోతే, ముఖ్యంగా తక్కువ ఫ్లూయెన్స్ దగ్గర డికే ఇంకా వేగంగా ఉంటే, ట్రాపులు (క్యారియర్లను పట్టేసే లోపాలు) నిండటం లాంటిదేదో జరుగుతోంది, అప్పుడు మామూలు మూడు పదాల సమీకరణం చాలదు. కలిస్తే ఐదు డికేలకూ కలిపి ఒకే స్థిరాంకాలతో ఆ సమీకరణాన్ని ఫిట్ చేయండి, పైథాన్‌లో ఇరవై లైన్ల పని. పేపర్లో రాయాల్సింది ఆ మొదటి స్థిరాంకం, ఏ సాంద్రత పరిధిలో తీశారో చెప్తూ.

ఒక మెలిక మర్చిపోకండి. డోపింగ్ లేని ఫిల్మ్‌లో పీఎల్ సాంద్రత వర్గానికి అనుపాతంలో ఉంటుంది కాబట్టి పీఎల్ తోక లైఫ్‌టైమ్, క్యారియర్ లైఫ్‌టైమ్‌లో సగమే. ఇంకో ల్యాబ్ చెప్పిన 600 పీఎల్ తోకది అయితే, ఆ ఫిల్మ్‌లో క్యారియర్లు 1.2 మైక్రోసెకన్లు బతుకుతున్నట్టు. దాన్నే ఉపరితల వేగంగా కూడా చూడొచ్చు. బల్క్ ఎంత మంచిదైనా, రెండు ముఖాల దగ్గరా ఉపరితల రీకాంబినేషన్ (ఎలక్ట్రాన్, హోల్ కలిసి నశించడం) వేగం సెకనుకు 100 సెంటీమీటర్లుంటే, 500 నానోమీటర్ల ఫిల్మ్ లైఫ్‌టైమ్ 250 నానోసెకన్లు దాటదు. మందాన్ని రెండింతల ఉపరితల వేగంతో భాగించడమే, విస్తరణకు పట్టే సమయం కొన్ని నానోసెకన్లే కాబట్టి ఇక్కడ వదిలేయొచ్చు. అందుకే ఒకే రెసిపీతో 250, 500, 750 నానోమీటర్ల మందాల్లో ఫిల్మ్‌లు వేసి కొలిస్తే ఉపరితలాన్నీ బల్క్‌నూ నిజంగా విడదీయొచ్చు. రెండు ఎక్స్‌పొనెన్షియల్స్ చేయలేని పని ఇది.

మీ ఫిల్మ్, వాళ్లకు పంపిన ఫిల్మ్ ఒకటేనా అన్నది కూడా అడగాలి. ఒకే బ్యాచ్ అయినా దారిలో గాలి తగిలింది. ఆక్సిజన్, కాంతి కలిసి పనిచేస్తే ఈ పదార్థం పీఎల్ నిమిషాల్లో పెరుగుతుంది, కొద్దిపాటి తేమ కూడా కొన్నిసార్లు అదే చేస్తుంది, తేమ ఎక్కువైతే హైడ్రేట్‌గా మారి పాడవుతుంది. మెరిసిందంతా మంచి ఫిల్మ్ అనుకోవద్దు. నైట్రోజన్‌లో సీల్ చేసిన హోల్డర్‌లో కొలవండి, లేదా క్లోరోబెంజీన్‌లో కరిగించిన పీఎంఎంఏ (ఒక పారదర్శక ప్లాస్టిక్) పొర ఒకటి పైన వేయండి. ఎనిమిది నిమిషాల కొలతను 30 సెకన్ల ముక్కలుగా సేవ్ చేసుకుంటే కౌంట్ రేటు ఎక్కుతోందో దిగుతోందో తెలిసిపోతుంది. అయొడైడ్‌తో పాటు బ్రోమైడ్ 20 శాతం దాటిన మిశ్రమాలకు ఇంకో ప్రమాదం ఉంది. 2015లో హోక్ బృందం చూపించినట్టు, వెలుగులో హాలైడ్లు విడిపోయి 1.68 ఎలక్ట్రాన్‌వోల్టుల దగ్గర కొత్త శిఖరం లేస్తుంది, మీరు కొలిచేది అప్పుడు ఆ అయొడైడ్ ద్వీపాలనే. డికేకు ముందూ వెనకా స్పెక్ట్రమ్ తీసి పెట్టుకోవడం ఒక్కటే రక్ష.

ఫిల్మ్ రెసిపీ గురించి ఒక్క మాట. 1 మిల్లీలీటరు ద్రావణికి 645 మిల్లీగ్రాముల లెడ్ అయొడైడ్, 223 మిల్లీగ్రాముల మిథైలమ్మోనియం అయొడైడ్ తూచితే 1.4 మోలార్. ద్రావణి అంటే డీఎంఎఫ్, డీఎంఎస్ఓల 4:1 మిశ్రమం. నిమిషానికి 4000 చుట్ల దగ్గర 30 సెకన్లు, 8-10 సెకన్ల మధ్య క్లోరోబెంజీన్ 150-200 మైక్రోలీటర్లు ఒకే ధారగా, ఆపైన 100 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు. క్లోరోబెంజీన్ రెండు సెకన్లు ఆలస్యమైతే ఫిల్మ్ మసకగా వస్తుంది, మసక ఫిల్మ్ కాంతిని చెదరగొట్టి పైన చెప్పిన తిప్పలన్నీ తెస్తుంది. ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-రే డిఫ్రాక్షన్)లో 12.7 డిగ్రీల దగ్గర శిఖరం ఉంటే లెడ్ అయొడైడ్ మిగిలింది. అది ఎంత మిగిలిందన్నదాన్ని బట్టి లైఫ్‌టైమ్ మారుతుంది కాబట్టి ఎక్స్‌ఆర్‌డీ లేని డికేను పోల్చకండి. మూడు ఫిల్మ్‌లు, ఒక్కోదాని మీద మూడు చోట్లు, అంచులకు దూరంగా. డీఎంఎఫ్ సన్నని నైట్రైల్ గ్లోవ్స్‌ను త్వరగా దాటేస్తుంది, దాంతోపాటు సీసం చర్మానికి చేరుతుంది. చుక్క పడితే వెంటనే గ్లోవ్స్ మార్చండి, వ్యర్థాన్ని సింకులో పోయకుండా సీసం అని రాసిన సీసాలోనే వేయండి.

తర్వాత మెట్టుగా ఫిల్మ్ కింద టిన్ ఆక్సైడ్, పైన హోల్ ట్రాన్స్‌పోర్ట్ పొర వేసి, పీఎల్ వేగంగా పడింది కాబట్టి చార్జ్ బాగా లాగుతోందని రాసేస్తారు. అంత తొందర వద్దు. అంతర్ముఖం దగ్గర రీకాంబినేషన్ ఎక్కువైనా పీఎల్ అలాగే పడుతుంది. ఒకటి సెల్‌కు మేలు, రెండోది చేటు, డికే ఒక్కటే చూసి వాటిని వేరు చేయలేం. స్థిర స్థితి పీఎల్ క్వాంటమ్ యీల్డ్, సెల్ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్ పక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది. పొర వేశాక వోల్టేజ్ పడిపోయి ఉంటే ఆ వేగం నష్టమే.

ఫెమ్టోసెకండ్ ట్రాన్సియెంట్ అబ్జార్ప్షన్ (పంప్ పల్స్‌తో ఉత్తేజపరచి, ఆలస్యంగా వచ్చే రెండో పల్స్ శోషణలో మార్పు చూసే పద్ధతి) దొరుకుతుంది, దానితో లైఫ్‌టైమ్ తీయనా అని కూడా అడిగారు. ఈ ప్రశ్నకు అది సరైన పనిముట్టు కాదు. 400 నానోమీటర్ల పంప్ చదరపు సెంటీమీటరుకు 5 మైక్రోజౌళ్లుంటే, మీ ఫిల్మ్‌లో సాంద్రత 1.6×10¹⁷, ఎండకు సుమారు యాభై రెట్లు. పైగా డిలే స్టేజ్‌లో 1 పికోసెకను అంటే 0.15 మిల్లీమీటర్ల జరుపు. 600 మిల్లీమీటర్ల పట్టా మీద బీమ్‌ను రెండుసార్లు తిప్పినా 8 నానోసెకన్లే వస్తుంది. వందల నానోసెకన్ల తోక ఆ కిటికీలో అడ్డగీతలా కనిపిస్తుంది. వేడి క్యారియర్లు చల్లబడటం, పొర నుంచి పొరకు పికోసెకన్లలో చార్జ్ దూకడం లాంటి ప్రశ్నలకు దాన్ని దాచుకోండి.

రెండో ప్రశ్నకు వస్తే, ఈ దారిలో నడిచినవాళ్లున్నారు. రోనాల్డ్ నారిష్‌తో కలిసి ఫ్లాష్ ఫొటాలిసిస్ (మెరుపు కాంతితో చర్య మొదలుపెట్టి, వెంటనే జరిగేది గమనించే పద్ధతి) కనిపెట్టి, 1967 నోబెల్ పంచుకున్న జార్జ్ పోర్టర్ కెమిస్ట్రీ ప్రొఫెసరే. మొదట మెరుపు దీపాలతో, లేజర్ వచ్చాక నానోసెకన్లకు, పికోసెకన్లకు దిగి, ఆ పనిముట్లనే కిరణజన్య సంయోగక్రియ వైపు, సౌరశక్తి వైపు తిప్పాడు. ముంబైలో పీహెచ్‌డీ చేసి నోటర్‌డామ్‌లో స్థిరపడిన ప్రశాంత్ కామత్ లేజర్ ఫ్లాష్ ఫొటాలిసిస్‌తో సెమీకండక్టర్ కొల్లాయిడ్లను చదివి, అక్కడినుంచి క్వాంటమ్ డాట్ సెల్స్‌కు, పెరోవ్‌స్కైట్‌కు వచ్చారు. పదార్థం పేరు మారుతూ వచ్చింది, వెలుగు పడ్డాక చార్జ్ ఎక్కడికి పోయిందన్న ప్రశ్న మారలేదు. 2009లో మియసాకా బృందం పెరోవ్‌స్కైట్ సెల్‌ను 3.8 శాతం సామర్థ్యంతో చూపించినప్పుడు, ఆ ప్రశ్న అడగడం ముందే వచ్చినవాళ్లకు ఈ రంగంలోకి దిగడానికి కొత్త పరికరం కొనాల్సిన పనిలేకపోయింది.

ఉద్యోగం కోణంలో మాత్రం, ఫిట్టింగ్ మాత్రమే వచ్చిన స్పెక్ట్రోస్కోపిస్టును తీసుకోవడానికి ఎవరూ ముందుకు రారు. ఫిల్మ్ మీరే వేయగలగాలి, సెల్ కట్టి కరెంటు-వోల్టేజ్ వక్రం తీయగలగాలి, బీమ్‌ను మీ చేతులతో అలైన్ చేయగలగాలి. హైదరాబాద్‌లోనే సెంట్రల్ యూనివర్సిటీ, టీఐఎఫ్‌ఆర్, ఐఐసీటీలు ఉన్నాయి, కొలతకు ఊరు దాటక్కర్లేకపోవచ్చు. అకడమిక్స్ వద్దనుకుంటే సిలికాన్ సెల్ ప్లాంట్లలో పీఎల్, ఈఎల్ (కరెంటు పంపితే వెలువడే కాంతి) ఇమేజింగ్, వేఫర్ లైఫ్‌టైమ్ కొలత రోజువారీ నాణ్యత పరీక్షలు. అక్కడ కూడా ఇంజెక్షన్ లెవెల్ (అంటే క్యారియర్ సాంద్రత) చెప్పని లైఫ్‌టైమ్‌కు విలువ లేదు. సాంద్రత లెక్క నేర్చుకుంటే అది రెండు చోట్లా పనికొస్తుంది.

ఈ వారం చేయాల్సింది: రేజర్ బ్లేడ్‌తో స్పాట్, ఖాళీ గాజు కొలత, 200 కిలోహెర్ట్జ్ దగ్గర ఐదు ఫిల్టర్ల సిరీస్. నార్మలైజ్ చేయని డికేలను, సాంద్రత లెక్కతో కలిపి ఇక్కడ పెట్టండి. ఇంకో ల్యాబ్‌ను కూడా వాళ్ల స్పాట్ సైజు, పల్స్ శక్తి అడగండి. అవి వచ్చాక 600 నమ్మాలో లేదో పది నిమిషాల్లో తేలిపోతుంది.